వెనక్కి వెళ్ళే దారి

ఆ మధ్య ఒక రాత్రి మా అమ్మాయి నిద్రపోనని మారాం చేస్తుంటే, ఫోన్‌లో శనిగ్రహం “పాట” వినిపించాను. ఈలల్లా, మూలుగుల్లా వింతగా ఉంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల, కళ్ళు పెద్దవి చేసుకుని విని, “నాన్నా, మనం అక్కడికెళ్తే ఇలాగే వినపడుతుందా?” అంది. “ఆఁ, ఇలాగే” అన్నాను. అది పడుకుంది. నాకు నిద్ర పట్టలేదు. చెప్పింది అబద్ధం మరి.

కసీని నౌక తిరిగిన చోట మాటను మోసుకొచ్చే గాలి లేదు. దాని మీదున్న పదేసి మీటర్ల యాంటెనాలు మూడూ పట్టుకున్నది శబ్దాన్ని కాదు, శని అరోరాల దగ్గర పుట్టే రేడియో తరంగాల్ని. వాటి పౌనఃపున్యం మన చెవికి అందనంత ఎక్కువ. అందుకని దాన్ని 44 రెట్లు కిందికి దించారు. 27 నిమిషాల రికార్డుని 73 సెకన్లకి కుదించారు. మా అమ్మాయి విన్న ఈల ఆ రూపంలో శని దగ్గర ఎప్పుడూ మోగలేదు. మా ఫోన్ స్పీకర్లో మోగింది.

అయితే శాస్త్రవేత్తలూ అబద్ధమాడినట్టేనా? అలా అంటే ఎక్స్‌రే ఫొటో కూడా అబద్ధమే, ప్రతి అనువాదమూ అబద్ధమే. ఆ మాట నేను ఒప్పుకోలేను. తేడా ఎక్కడో ఉంది.

వాయేజర్ 1 సంగతే చూడండి. అది సూర్యుడి గాలి బుడగ దాటిందా లేదా అని తేల్చాలంటే చుట్టూ ఉన్న ప్లాస్మా సాంద్రత తెలియాలి. దాన్ని నేరుగా కొలిచే పరికరం 1980లోనే పాడైపోయింది. మిగిలింది ప్లాస్మా తరంగాల రిసీవరు. 2012 మార్చిలో సూర్యుడి మీద జరిగిన విస్ఫోటనాల అల, పదమూడు నెలలకి అక్కడికి చేరి ప్లాస్మాని కదిలించింది. రిసీవరుకి 2.6 కిలోహెర్ట్జ్ దగ్గర కంపనం దొరికింది. ప్లాస్మా ఎంత చిక్కగా ఉంటే కంపనం అంత పై స్థాయిలో ఉంటుంది. ఆ లెక్కన ఘన సెంటీమీటరుకి సుమారు 0.08 ఎలక్ట్రాన్లు. లోపలి పలచదనం కంటే దాదాపు 40 రెట్లు ఎక్కువ. అలా వెనక్కి లెక్కగడితే, నౌక 2012 ఆగస్టులోనే గడప దాటిందని తేలింది.

అయోవా విశ్వవిద్యాలయం ఆచార్యుడు డాన్ గర్నెట్ ఆ కంపనాన్ని 2013లో విలేఖరులకి వినిపించారు. కాలాన్ని కుదించారు కానీ శ్రుతిని ముట్టుకోలేదు. సాక్ష్యం శ్రుతిలోనే ఉంది మరి.

నాకు తోచిందేమిటంటే, మార్చడం తప్పు కాదు. ఎంత మార్చామో చెప్పకపోవడం తప్పు. 44 అన్న అంకె పక్కనుంటే, వినేవాడు ఆ మెట్లన్నీ ఎక్కి అసలు తరంగం దగ్గరికి వెళ్ళగలడు. అంకె తీసేస్తే మిగిలేది మాయాజాలం. నా వృత్తిలో ఇది రోజూ చూస్తాను. మా సాఫ్ట్‌వేరు ఎంత వేగంగా స్పందిస్తోందో చూపించే గ్రాఫులో సగటు వేసి పెడతాం. గీత నున్నగా, అందంగా వస్తుంది. నూటికి ఒక్కడు అరనిమిషం ఎదురుచూసిన సంగతి అందులో కనపడదు. సగటులోంచి ఆ ఒక్కడి దగ్గరికి దారి లేదు. ఎవరూ అబద్ధమాడలేదు, నిజమూ చెప్పలేదు. అలాంటి గ్రాఫులు నేనూ చాలానే గీశాను.

మర్నాడు పొద్దున్న పాలు తాగుతుంటే అమ్మాయికి చెప్పాను, అక్కడికెళ్తే ఏమీ వినపడదని, అది మనుషులు చెవి కోసం మార్చిన ధ్వని అని. మొహం ముడుచుకుంది. నిజం చెప్పి పిల్ల ఆనందం పాడుచేశానేమో అనిపించింది. కాసేపటికి, “ఎంత కిందికి దించారు?” అంది. ఐదున్నర స్థాయిలు. దాని కీబోర్డుకి ఉన్నవి నాలుగే. పై చివరి మెట్టు నుంచి ఒక్కొక్కటే నొక్కుకుంటూ కింది చివరిదాకా వచ్చి ఆగింది. “ఇంకా ఉందా?” అంది.

“ఇంకా ఒకటిన్నర ఉంది” అన్నాను.

కీబోర్డు అంచు దాటాక, వేలితో బల్ల మీద నొక్కడం మొదలుపెట్టింది.