దొంగలెక్క

"ఈ ఆటకి జాలి లేదే అమ్మాయ్!" అంటూ ఫోను నా ఒళ్ళో పడేశారు మా అత్తయ్యగారు.

2020 లాక్‌డౌన్. మా గవర్నర్‌పేటలో బీసెంట్ రోడ్డు బోసిపోయి, ఇళ్ళల్లో లూడో కింగ్ మోగుతున్న రోజులు. (మన పచ్చీసే పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇంగ్లండులో లూడో అయింది, 2016లో ఇలా ఫోనెక్కింది.) ఆవిడది ఆండ్రాయిడ్, డాలస్‌లో ఉన్న ఏడేళ్ళ మనవడిది ఐఫోను. ఆటలు తయారుచేసే మా మరిది అంటాడూ, "రెండిటికీ సర్దడం మాటలు కాదు వదినా. పెద్ద తెరైనా చిన్నదైనా, పాత ఫోనైనా కొత్తదైనా ఒకటే లెక్క రావాలి. తేడా వస్తే అన్యాయం కదూ!"

ఆ న్యాయమే అత్తయ్యగారికి మింగుడుపడలేదు. గవ్వలతో అష్టాచెమ్మా ఆడేటప్పుడు పిల్లాడు ఏడుపుమొహం పెడితే, ఆవిడ ఒక గడి తక్కువ లెక్కపెట్టి వాడి కాయని బతికించేవారు. ఫోను ఊరుకుంటుందా? పడినన్ని గళ్ళూ నడిపించి, ఆవిడ చేతే చంపించింది.

దొంగలెక్క మోసమేనంటాను నేను. ఓడిపోయే హక్కు పిల్లలకి మాత్రం ఉండొద్దూ? నన్నలా గెలిపించేదని పదేళ్ళప్పుడు తెలిసి, మా అమ్మమ్మతో రెండ్రోజులు మాట్లాడలేదు. పాపం, ఆవిడెంత బాధపడిందో!

మర్నాడు చూద్దును కదా, పందెం వెయ్యకుండా కూర్చున్నారు అత్తయ్యగారు. గడువు దాటి వంతు వాడికెళ్ళిపోయింది.

"కళ్ళజోడు కనబడలేదే" అన్నారు.

అది ఆవిడ ముక్కుమీదే ఉంది. నేను చెప్పలేదు.