లేవగలగడం

జూదంలో నిగ్రహం అనగానే చాలామందికి స్ఫురించేది చలించని ముఖం, అంటే ఓడినప్పుడు కోపాన్ని గానీ గెలిచినప్పుడు సంబరాన్ని గానీ బయటపడనివ్వని స్థైర్యం. సభాపర్వంలోని ధర్మరాజును తలుచుకుంటే ఈ భావన ఎంత అరకొరదో తెలుస్తుంది. ధనాన్ని, తమ్ములను, తనను, చివరికి ద్రౌపదిని ఒడ్డినప్పుడు కూడా ఆయన కట్టుతప్పి అరిచినవాడు కాడు. ధృతరాష్ట్రుడు పోయినదంతా తిరిగి ఇచ్చిన తరువాతనైనా ఆగక, పిలుపు వస్తే కాదనరాదన్న నియమానికి తలవంచి మళ్లీ పాచికల ముందు కూర్చుని వనవాసం కొనితెచ్చుకున్నాడు. ఆయనలో కొరవడినది శాంతం కాదు, లేచి రాగల శక్తి. పరువు కూడా ఒక ఆవేశమేనని, అది నిదానంగా మాట్లాడుతుంది కాబట్టి ఆవేశంలా కనిపించదని ఇక్కడ గ్రహించాలి.

పదమూడు ముక్కల రమ్మీలో ఈ లేవడానికి ధర కూడా ఉంది. పంచిన ముక్కలు చూసుకుని, కొత్త ముక్క తీయకముందే ఆట వదులుకోవడాన్ని డ్రాప్ అంటారు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం దానికి 20 పాయింట్లు, కొంత ఆడాక వదిలితే 40, కడదాకా ఉండి పూర్తిగా చిక్కుకుంటే 80. జోకరు లేని, వరుస కుదిరే ఆశ లేని చేతిని 20తో వదిలేయడం ఎవరికైనా తెలిసిన తెలివే, అయితే అంతకుముందు రెండు ఆటలు పోగొట్టుకున్నవాడికి అది రుచించదు. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం దీనికి కారణం చెబుతుంది: వచ్చిన లాభం ఇచ్చే సంతోషం కంటే అంతే నష్టం కలిగించే బాధ పెద్దది, పైగా నష్టంలో ఉన్న మనిషి దాన్ని చెరిపేసుకోవాలని మామూలుగా తలపెట్టని సాహసానికి దిగుతాడు. అందుచేత ఎంతవరకు పోగొట్టుకోవచ్చో ముక్కలు పట్టకముందే తేల్చుకోవాలి. ఆట మధ్యలో ఆ హద్దును తిరగరాసేవాడు దాన్ని గీసినవాడు కాడు, ఓడుతున్నవాడు.

ఈ నిగ్రహానికీ పరిమితి ఉంది. 1913లో మోంటేకార్లో కాసినోలో రూలెట్ చక్రంపై నలుపు వరుసగా 26 సార్లు పడినప్పుడు, ఇక ఎరుపు పడక తప్పదని డబ్బు గుమ్మరించినవారు మునిగిపోయారు. కానీ ఆ రాత్రి ప్రశాంతంగా ఆడినవాడికైనా చక్రంలోని సున్నా గడి యజమాని పక్షానే ఉంటుంది. శుద్ధ అదృష్టపు ఆటలో స్థిమితం నష్టాన్ని ఆలస్యం చేస్తుందే గాని ఆపదు.

రమ్మీ సంగతి వేరని, అందులో ప్రధానమైనది నైపుణ్యమని ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. ఆ తీర్పు నాటి క్లబ్బులో ముక్కలు కలిపి పంచే ఆ కాస్త వ్యవధిలో మనిషికి ఆలోచించుకునే తెరిపి దొరికేది. ఫోనులోకి వచ్చిన పందెపు రమ్మీలో ఆ తెరిపి లేకపోయింది, ఒక ఆట ముగిసేసరికి మరొకటి సిద్ధంగా ఉండేది. 2025లో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది.