సడలింపు

పెద్ద విశ్వవిద్యాలయంలో పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ వెతుక్కునే స్త్రీ కళ్ళు ప్రకటనలో ముందుగా వయసు దగ్గరే ఆగుతాయి. 2022లో యూజీసీ ప్రకటించిన రాధాకృష్ణన్ ఫెలోషిప్‌లో 900 స్థానాలు, అందులో 30 శాతం స్త్రీలకు. నెలకు 50 వేల రూపాయలు. వయోపరిమితి 35, స్త్రీలకు అయిదేళ్ళ సడలింపు. అంతకుముందు ఉద్యోగం లేని స్త్రీలకోసం యూజీసీ విడిగా ఇచ్చిన ఫెలోషిప్‌కి 55 ఏళ్ళదాకా అర్హత ఉండేది. ఆ పదిహేనేళ్ళూ ఎటు పోయినట్టు?

నా పేచీ అంకెతో కన్నా సడలింపు అన్న మాటతో ఎక్కువ. నియమం న్యాయమైనదే, ఆడవాళ్ళని చూసి కాస్త వదులు చేశాం అని కదా దానర్థం! ముప్ఫై మూడేళ్ళకే పుస్తకం అచ్చువేసుకున్న పురుషుడి కాలమంతా అతనిదేనా? అతని పిల్లల జ్వరాలు, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులు, ఇంటికొచ్చిన చుట్టాలు - ఇవన్నీ ఇంకొకరి రోజుల్లోంచి గడిచాయి. ఆ ఇంకొకరు నలభై రెండేళ్ళప్పుడు దరఖాస్తు పెట్టుకుంటే ఇవ్వాల్సింది రాయితీ ఎలా అవుతుంది? అది పాత బాకీ. (బాకీ తీరుస్తూ దానం చేస్తున్నట్టు కనిపించడం మన సంస్థలకు బాగా తెలుసు.)

ఈ బాకీని కొంతైనా గుర్తించిన ప్రయత్నం అమెరికాలో, హార్వర్డ్ నీడలో జరిగింది. అక్కడి రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల అధ్యక్షురాలు మేరీ బంటింగ్ 1960లో ఒక పరిశోధన సంస్థను ప్రకటించారు. ఇల్లూ పిల్లలతో పని మధ్యలో ఆగిపోయిన స్త్రీలకు కొంత డబ్బు, ఒక గది, గ్రంథాలయం. అర్హత డాక్టరేట్, లేదా దానికి సమానమైనది. ఆ 'లేదా'లోంచే డిగ్రీ లేని ఆన్ సెక్స్‌టన్, టిల్లీ ఆల్సెన్ లోపలికొచ్చారు. ఆల్సెన్ నలుగురు కూతుళ్ళ తల్లి, కూలిపనులు చేసిన మనిషి. స్త్రీలూ శ్రామికులూ రాయలేకపోయిన రాతల గురించి 1978లో వచ్చిన ఆమె పుస్తకం 'సైలెన్సెస్'కి మూలం అక్కడ చేసిన ప్రసంగమే.

అయితే ఆ ఫెలోషిప్ డబ్బుతో కొందరు పిల్లల్ని చూసుకోవడానికి మనిషిని పెట్టుకున్నారు. ఆ మనిషీ స్త్రీయే. మన దగ్గర మాత్రం? మనం ప్రపోజల్ రాసుకునే ఉదయాలు, బస్తీ నుంచి వచ్చి అంట్లు తోమే ఆమె ఉదయాల్లోంచి కొన్నవి. మన కాలం బాకీ అని వాదించి, ఆమె జీతం దగ్గర మాత్రం బేరమాడతాం. ఆమె కులమేమిటో, ఆమె పిల్లల్ని ఎవరు చూస్తున్నారో మన పరిశోధనాంశంలో ఉంటే ఉండొచ్చు గానీ మన నెల ఖర్చులో ఉండదు.

అలాగని మన బాకీ రద్దయిపోదు. ఫీల్డ్‌వర్క్‌కీ పుస్తకాలకీ జిరాక్సులకీ కంటింజెన్సీ ఉన్నట్టే ఇంటిపనికీ పిల్లల సంరక్షణకీ ఫెలోషిప్‌లో ఒక పద్దు ఉండాలని అడుగుదాం. అప్పుడు ఆమె జీతం, ఆమె సెలవులు కాగితం మీద రాయాల్సి వస్తుంది. ఆ కాగితం మీద మనలో ఎంతమందిమి సంతకం పెడతామో చెప్పలేను.