చిరుగుకు పెట్టిన పిన్నీసు

చొక్కా చిరిగితే మన ఇళ్ళలో అమ్మ పిన్నీసు పెడుతుంది. అది అవసరం. 1970 దశకం నడిమధ్యలో లండన్ యువకులు కొందరు బాగున్న చొక్కానే చించి, పిన్నీసులు గుచ్చి వీధుల్లో తిరిగారు. అది ఆగ్రహం. 1994లో వెర్సాచే సంస్థ నల్లని గౌనుకు బంగారు రంగు పిన్నీసులు పెట్టింది. ఒక నటి దాన్ని ధరించి సినిమా ప్రదర్శనకు వస్తే లోకమంతా చూసింది. అది అలంకారం. పిన్నీసు అదే, మరి మారిందేమిటి?

పంక్‌లనబడే ఆ యువకుల కోపం ఉత్తది కాదు. 1976 నాటికి బ్రిటన్‌లో నిరుద్యోగులు పది లక్షలు దాటారు. మీ సమాజంలో మాకు చోటు లేనప్పుడు మీ మర్యాద మాకెందుకని వారు బట్టలతో అడిగారు. వారి వేషాన్ని మేము మెచ్చుకోవడం లేదు, ప్రశ్న మాత్రం న్యాయమైనదే.

కాని ఆ వేషానికి మొదటినుంచీ ఒక దుకాణం ఉంది. కింగ్స్ రోడ్డులోని 430వ నంబరు కొట్టు వివియన్ వెస్ట్‌వుడ్, మాల్కమ్ మెక్‌లారెన్‌లది. అక్కడి ధరలు తక్కువేమీ కావు. కొనలేని పిల్లలు ఇంట్లోని పాత బట్టలే చించుకున్నారు. నిజమైన తిరుగుబాటంటూ ఉంటే అది ఆ ఇళ్ళలోనే ఉందని మా అభిప్రాయం. 1977లోనే జాండ్రా రోడ్స్ అనే డిజైనరు చిరుగులతో, పిన్నీసులతో సంపన్నులకు గౌన్లు తయారుచేసింది. వెస్ట్‌వుడ్‌కు 2006లో బ్రిటన్ ప్రభుత్వం 'డేమ్' బిరుదు ఇచ్చింది. 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పంక్ దుస్తులకు ప్రదర్శనే ఏర్పాటు చేసింది.

మన ఉలమాలు 'లిబాసె షొహ్రత్' అని ఒక మాట చెబుతారు. పదిమంది తనను చూడాలని వేసుకునే దుస్తులని అర్థం. అందులో మేలిమి పట్టే కాదు, కావాలని తొడిగిన చింకి బట్ట కూడా వస్తుందని వారు వివరించారు. చూపు కోసం తొడిగినదాన్ని ఎవరైనా కొనుక్కోగలరు. పని దొరకని పిల్లవాడి బాధను మాత్రం ఏ సంస్థా కొనలేదు. కొనాలని ఎవరూ అనుకోలేదు కూడా.

2016 నవంబరులో వెస్ట్‌వుడ్, మెక్‌లారెన్‌ల కుమారుడు జో కొరే, పంక్‌ను అమ్మకపు సరుకుగా మార్చారన్న కోపంతో తన దగ్గరున్న ఆనాటి బట్టలను, వస్తువులను థేమ్స్ నదిలో పడవపై తగలబెట్టాడు. వాటి విలువ యాభై లక్షల పౌండ్లని ముందే ప్రకటించాడు.