మనస్సు నిలువనివానికి మందు అవిశ్వాసమా?



మన సంఘములలో ఇట్టి సహోదరుడు ఒకడు కనబడుచుండును. చేనికి నీళ్లు మళ్లించి, మరియొక పనిమీద పోయి, మడవ కట్టుట మరచును. అప్పు తీర్చెదనన్న దినమును మరచును. ప్రార్థనకు మోకరించినను అతని తలంపు నిలువదు. చిన్ననాటినుండి అతడంతే. మనము అతనిని సోమరియనియు భక్తిహీనుడనియు ఎంచి గద్దించుదుము. ఈ మాటలు వ్రాయుచున్న నేనును అట్లు గద్దించినవాడనే. ఏండ్ల తరబడి గద్దింపు వినినవాడు తన్ను తానే పనికిమాలినవాడని నమ్మి, తుదకు సంఘమునకు దూరమగును.

వైద్యులు ఈ స్థితిని ఏ.డి.హెచ్.డి. అందురు. 1902లో లండనునందు జార్జి స్టిల్ అను వైద్యుడు ఇట్టి బిడ్డలను గూర్చి ఉపన్యసించుచు, వారి తెలివికి కొదువలేదని చెప్పెను. అయినను దానిని నైతిక నిగ్రహలోపమనియే పిలిచెను. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అను వైద్యుడు, ఒక మందు పుచ్చుకొనిన బిడ్డలలో పలువురు చదువునందు నిలకడ పొందుట చూచెను. ఇది మెదడు పనిచేయు తీరునకు సంబంధించినదనియు, తరచుగా వంశములో వచ్చుననియు, అనేకులలో పెద్దతనమునను విడువదనియు నేడు తెలిసియున్నది.

పెద్దలకును చికిత్స కలదు. మిథైల్‌ఫెనిడేట్ అను మందు కొన్ని గంటలు పనిచేయును; అది ఆకలిని, నిద్రను తగ్గించవచ్చును, గుండె వేగమును పెంచవచ్చును. అటామాక్సిటిన్ గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. వైద్యుని చీటీ లేనిదే వీటిని ముట్టరాదు. నిద్రలేమి, మద్యము, మనోవ్యాకులము కూడ ఇట్టి లక్షణములే చూపును గనుక, ముందు వైద్యుడు విచారింపవలెను. పనిని చిన్న భాగములు చేసికొనుట, వ్రాసి పెట్టుకొనుట మొదలగు అలవాట్లను నేర్పు శిక్షణయు కలదు.

“ప్రార్థన చాలదా?” అని కొందరడుగుదురు. హిజ్కియా కన్నీటితో ప్రార్థించెను, దేవుడు ఆలకించెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించెను. ఆ ముద్ద ప్రార్థనకు విరోధి కాలేదు. దేవుని జవాబు దానితోకూడ వచ్చెను.

అట్లయిన అతనికి బాధ్యత లేదా? ఉన్నది. మందు కాడి బరువు తగ్గించును గాని సాలు దున్నదు. మాట నిలుపుకొనుట అతని వంతు. గద్దించుటకు ముందు ప్రక్కన నిలిచి జ్ఞాపకము చేయుట మన వంతు.

మన దుర్బలతలన్నియు ఎరిగిన ప్రభువు మనకట్టి కనికరము నేర్పును గాక. ఆమేన్.