రథం ఎక్కడ నిలపాలి

భగవద్గీతలో అర్జునుడు మొట్టమొదట అడిగింది ధర్మసందేహం కాదు, చోటు. రెండు సేనల మధ్య రథం నిలుపు, ఎవరితో పోరాడాలో ఓసారి చూస్తాను అన్నాడు. కృష్ణుడు నిలిపాడు. మధ్యలోనే, కానీ సరిగ్గా భీష్మద్రోణుల ఎదుట. దుర్యోధనుడి ముందు నిలిపి ఉంటే అర్జునుడు అప్పుడే గాండీవం ఎత్తేవాడనీ, మనకు గీతే ఉండేది కాదనీ నా అనుమానం.

ఈ చోటు గొడవ నాకు పనామా కాలవలో, ఓడ మీద పట్టుకుంది. మా అబ్బాయి పుణ్యం. ఫ్లోరిడాలో ఓడెక్కి, కాలవ దాటి, కాలిఫోర్నియాలో దిగే ప్రయాణం. కాలవలోకి వెళ్ళే ముందురోజు రాత్రంతా వాడు ఓడ అంతస్తుల పటం ముందేసుకుని, ఎక్కడ నుంచుంటే ఏం కనిపిస్తుందో లెక్కలు కట్టాడు. తెల్లారి ఐదింటికి వెళ్ళేసరికే పై డెక్కు ముందుభాగంలో కటకటాల పొడుగునా జనం తువ్వాళ్ళు వేసి చోట్లు పట్టేశారు. మావాడు ఎలాగో ఇద్దరికి సందు చేశాడు. "అమ్మా, ఇక్కణ్ణుంచైతే మూడు మెట్లూ ఒకేసారి కనిపిస్తాయి" అన్నాడు.

కనిపించాయి కూడా. అట్లాంటిక్ వైపు గతూన్ దగ్గర లాకులు మూడు, ఒకదాని వెనక ఒకటి. సముద్రం మీది ఓడని 26 మీటర్లు పైకెత్తి గతూన్ సరస్సులో వదులుతాయి. మా ముందున్న సరుకు ఓడ అప్పటికే మాకన్నా ఒక అంతస్తు ఎత్తులో, కొండ మీద కూర్చున్నట్టు ఉంది. మైకులో ఒకాయన 1914 నుంచి చరిత్ర చెబుతున్నాడు. ఎక్కడైనా పైలట్ కెప్టెనుకి సలహా ఇస్తాడట, ఇక్కడ మాత్రం ఓడ నడిపే అధికారమే పైలట్ చేతికి వెళ్తుందట. "చూశావా, ఇవాళ కెప్టెన్ కూడా మనలాగే చూసేవాడు" అన్నాడు మావాడు. ఆ మాట బాగుంది. కాసేపటికి నేను మెట్లు దిగి కింది డెక్కుకి వెళ్ళిపోయాను.

ఎందుకంటే నేను లస్కరు కూతుర్ని. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. దాని కింది కాలవలు పొలాలకే కాదు, పడవలకు కూడా. అలాంటి ఒక కాలవ మీది లాకుల దగ్గర నాన్న పని. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు, గట్టు మీద తాడు పట్టి లాగే మనుషులు, వాళ్ళ కేకలు. పడవ లోపలికొచ్చాక నాన్న వెనక తలుపు మూసి, ముందు తూము ఎత్తేవాడు. రెండు వైపులా నీళ్ళు సమమయ్యేదాకా ముందు తలుపు కదలదు. పదిమంది తోసినా కదలదు. సమమయ్యాక నాన్న ఒక్కడే నింపాదిగా తెరిచేవాడు. దీంట్లోంచి వేదాంతం తీయబోవడం లేదు. అది నీళ్ళ బరువు, అంతే. పనామాలోనూ అదే. పంపులు లేవు. పైన సరస్సులోంచి గోడల్లోని సొరంగాల గుండా నీరు దానంతటదే దిగి, అడుగున ఉన్న రంధ్రాల్లోంచి పైకి ఉబుకుతుంది. అంత పెద్ద ఓడా లేస్తుంది.

కింది డెక్కులో ఎవరూ లేరు. ఎందుకుంటారు? కనిపించేది గోడ. లాకు వెడల్పు 33.5 మీటర్లు, మా ఓడ వెడల్పు 32 దాటింది. కాబట్టి ఒక్కో పక్క మూరెడో, కాస్త ఎక్కువో సందు. తడిసి, నాచుపట్టి, నూరేళ్ళు దాటిన కాంక్రీటు నా మొహం ముందు మెల్లగా కిందికి జారుతోంది. గోడ అంచు నా కళ్ళ ఎత్తుకు వచ్చినప్పుడు మొదట బూట్లు కనిపించాయి, తర్వాత మనుషులు. ఓడ గోడకు తగలకుండా తాళ్ళతో పట్టుకుని పక్కన పట్టాల మీద నడిచే ఇంజన్లను వాళ్ళు మ్యూల్స్ అంటారు. వాటి పక్కన తాళ్ళు అందుకునేవాళ్ళు. అంతకుముందు మొదటి తాడును ఓడ దాకా తెచ్చింది ఇద్దరు మనుషులు, చిన్న తెడ్ల పడవలో. ఇంత యంత్రాంగం పెట్టుకుని ఆ పని తెడ్లతో! ఆ పడవ పై డెక్కు నుంచి కూడా కనిపిస్తుంది. అందులో వాళ్ళ మొహాలు మాత్రం కనిపించవు.

చూడటానికి మన శాస్త్రాల్లో చాలా పెద్ద పీట ఉంది. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద రెండు పక్షులు, ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తుంది. ఆ చూసేదే సాక్షి అని పెద్దలు చెబుతారు. చేతిలో కాఫీ, కెమెరాతో ఓడ మీద నుంచున్నవాడికి తానే ఆ రెండో పక్షినని అనిపించడం చాలా తేలిక. దేనికీ కర్త కాదు, భోక్త కాదు, వచ్చి చూసి పోతాడు. నాకు ఇక్కడే పేచీ. ఉపనిషత్తు చెప్పే సాక్షికి అసలు చోటు లేదు, కాబట్టి ఖర్చూ లేదు. మాకు డెక్కు నంబరు ఉంది. ఒక్క ఓడ ఈ పాత లాకుల గుండా దాటితే సుమారు 20 కోట్ల లీటర్ల మంచినీళ్ళు సముద్రంలో కలుస్తాయి. పనామాలో చాలామంది తాగేదీ ఆ సరస్సు నీళ్ళే. 2023లో వానలు తప్పి నీటిమట్టం పడిపోతే రోజుకి దాటే ఓడల సంఖ్య తగ్గించాల్సి వచ్చింది. నేను చూడటమే అక్కడ ఒక పని చేస్తోంది. ఆ పండు నేను తింటూనే ఉన్నాను. బఫే సంగతి సరేసరి.

అలాగని కింది నుంచి చూసిందే నిజం, పైనుంచి చూసింది బూటకం అనను. మూడు లాకులూ అయ్యేసరికి నాకు తెలిసింది ఒక గోడ. సరస్సు ఎలా మొదలైందో మావాడు వచ్చి చెబితేగానీ తెలియలేదు. జనం చెప్పుకునే కథలో బర్బరీకుడి తల కొండ మీద ఉండి కురుక్షేత్రమంతా చూసింది. ఎవరు గెలిపించారని అడిగితే, నాకు సుదర్శన చక్రం తప్ప ఎవరూ కనిపించలేదు అంటుంది. అంత ఎత్తు నుంచి చూసినవాడు చెప్పింది అబద్ధమని ఎలా అంటాం? కానీ ఆ చూపులో అభిమన్యుడు లేడు. అర్జునుడికి రథం మీద నుంచి చక్రం కనిపించలేదు, తాతా గురువూ కనిపించారు. చేతులు వణికాయి. కృష్ణుడు అతణ్ణి కొండ ఎక్కించలేదు. విశ్వరూపం చూపించినా ఆ రథం మీదే, ఆ మనుషుల ఎదుటే చూపించాడు.

మరి సంజయుడో? రాజు పక్కన కూర్చుని టీవీ చూసినట్టు యుద్ధం చూశాడని మనలో చాలామంది లెక్క. భారతంలో అలా లేదు. పదో రోజు భీష్ముడు పడిపోయాక సంజయుడు యుద్ధభూమి నుంచి వచ్చి ఆ వార్త చెప్పాడు, గీత చెప్పింది ఆ తర్వాతే. యుద్ధం చివర్లో సాత్యకి చేతికి చిక్కి చావబోతే వ్యాసుడు వచ్చి విడిపించాడు. దుర్యోధనుడు పోగానే దివ్యదృష్టీ పోయింది. అంత చూపు ఉన్నవాడికి కూడా ఒళ్ళుంది, కత్తి వేటు తగిలే చోట ఉంది. చూసినదంతా కొడుకులు పోయిన తండ్రి ఎదుట నిలబడి చెప్పాల్సిన బాధ్యతా ఉంది. ఆ యుద్ధంలో ఏ దెబ్బా తగలని చోటు ధృతరాష్ట్రుడిదే. వ్యాసుడు చూపు ఇస్తానంటే, బంధువుల చావు చూడలేనని వద్దన్నాడు.

సరస్సులోకి వచ్చాక నేనూ పైకి వెళ్ళాను. పచ్చటి దీవులు, పక్షులు. అందరూ ప్రకృతి అంటున్నారు. అవి దీవులు కావు, కొండల తలలు. చాగ్రెస్ నదికి అడ్డంగా ఆనకట్ట కట్టి, లోయంతా ముంచి చేసిన సరస్సు అది. కులేబ్రా దగ్గర కొండను చీల్చిన చోట రెండు పక్కలా రాళ్ళ మెట్లు. తవ్వినవాళ్ళలో ఎక్కువమంది బార్బడోస్, జమైకా లాంటి దీవుల నుంచి వచ్చిన నల్లవాళ్ళు. అమెరికన్లకు జీతం బంగారు పట్టీ కింద, వీళ్ళకు వెండి పట్టీ కింద. అమెరికావాళ్ళు కట్టిన కాలంలోనే 5,600 మందికి పైగా పోయారని వాళ్ళ లెక్కే చెబుతోంది. అంతకుముందు ఫ్రెంచివాళ్ళ కాలంలో పోయినవాళ్ళు దీనికి దాదాపు నాలుగు రెట్లని అంచనా.

మిరాఫ్లోరెస్ దగ్గర పసిఫిక్‌లోకి దిగేటప్పుడు మావాడు మళ్ళీ పటం తీశాడు. "ఈసారి ఎక్కడికి, అమ్మా?" అన్నాడు. ఓడ వెనక భాగానికి పద అన్నాను. మనం దాటిన తలుపు మూసుకోవడం, దాని వెనక నీళ్ళు మనకన్నా ఎత్తుగా నిలబడటం అక్కణ్ణుంచే తెలుస్తుంది. నా మట్టుకు నేను పనామా వెళ్ళేవాళ్ళకు ఇలాగే చెబుతున్నాను. ఎక్కేటప్పుడు కింద, దిగేటప్పుడు వెనక, సరస్సులో మాత్రం పైన. పైకి వెళ్ళేటప్పుడు కాలవ కోసం ఖాళీ చేయించిన ఊళ్ళ పేర్లు మూడైనా కాగితం మీద రాసుకెళ్ళమంటున్నాను. మైకులో వాటిని చెప్పలేదు. బొహియో, గోర్గోనా, మతాచిన్.