మతి చెడటమంటే ఏమిటి?

కొన్నేళ్ళ క్రితం ఒక విద్యార్థి నా దగ్గరికి వచ్చాడు. నెలరోజులుగా నిద్ర పట్టడం లేదనీ, పుస్తకం తెరిస్తే ఒక్క వాక్యం తలకెక్కడం లేదనీ, బ్రతకడమే బరువుగా ఉందనీ చెప్పాడు. ‘‘ఇది మధ్యతరగతి నిరాశ. నలుగురితో కలిసి పనిచెయ్యి, అదే పోతుంది’’ అన్నాను. మారు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. రెండు నెలల తర్వాత అతన్ని ఆస్పత్రిలో చేర్చారని తెలిసింది. వైద్యంతో కోలుకున్నాడు, చదువు ముగించాడు. కాని ఆ రెండు నెలలకు నేను జవాబు చెప్పుకోవాలి. ఈ వ్యాసం అందుకే.

మనిషి బాధల్లో దేన్ని రోగమనాలి? శరీరం విషయంలో ఈ ప్రశ్న కొంత తేలిక. క్షయకు క్రిమి ఉంది, పరీక్షలో కనిపిస్తుంది. మనోరోగాల్లోనూ అరుదుగా ఇలా జరిగింది. పందొమ్మిదవ శతాబ్దపు పిచ్చాస్పత్రుల్లో పక్షవాతంతో కూడిన ఒక ఉన్మాదం చాలామందిని బలిగొన్నది. 1913లో నొగూచి, మూర్ అనే శాస్త్రజ్ఞులు ఆ రోగుల మెదళ్ళలో సిఫిలిస్ క్రిమిని చూపించారు. కాని స్కిజోఫ్రీనియాకు గాని, తీవ్రమైన కుంగుబాటుకు గాని అటువంటి ఏకైక కారణం నేటికీ దొరకలేదు. అందువల్ల జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ 1899 నాటికే లక్షణాలనూ, రోగం నడిచే తీరునూ బట్టి ఉన్మాదాలను విభజించాడు. 1980లో అమెరికన్ వైద్యులు ఈ పద్ధతినే బిగించి, ప్రతి రోగానికీ లక్షణాల జాబితా, కాలపరిమితి నిర్ణయించారు. తొమ్మిది లక్షణాల్లో అయిదు, రెండు వారాల పాటు ఉంటే కుంగుబాటు. అంటే ఈ పేర్లలో ఎక్కువ భాగం కారణాల పేర్లు కావు, లక్షణాల గుంపుల పేర్లు.

గుంపు కట్టే చోట సమాజపు విలువలు చొరబడతాయి. 1851లో అమెరికాలో కార్ట్‌రైట్ అనే వైద్యుడు, నీగ్రో బానిసలు యజమానుల నుంచి పారిపోవడం ఒక రోగమన్నాడు; దానికి ‘డ్రాపెటోమేనియా’ అని పేరు పెట్టాడు. కొరడాను నివారణోపాయంగా సూచించాడు! స్వలింగ ప్రేమను అమెరికన్ మనోవైద్య సంఘం 1973లో రోగాల జాబితా నుంచి తొలగించింది. మరుసటి ఏడు సభ్యుల ఓటు దాన్ని ఖాయం చేసింది. క్షయను ఎవరూ ఓటు వేసి తొలగించలేరు గదా!

ఇదంతా బానిస యజమానుల, పెట్టుబడిదారుల వైద్యమని మనం ఊరుకుంటే అది ఆత్మవంచన. సోవియట్ యూనియన్‌లో స్నెజ్నెవ్‌స్కీ సంప్రదాయం ‘మందకొడి స్కిజోఫ్రీనియా’ అనే గుంపును కల్పించింది. ప్రభుత్వాన్ని విమర్శించిన వారిలో కొందరిని ఆ పేరుతో ఆస్పత్రుల్లో బంధించారు. వ్యవస్థను సంస్కరించాలన్న తపనే భ్రమకు గుర్తు అయింది. సోవియట్ మనోవైద్యుల సంఘం 1983లో ప్రపంచ సంఘం నుంచి తప్పుకున్నది. 1989లో దుర్వినియోగం జరిగిందని ఒప్పుకున్నాకనే తిరిగి చేరగలిగింది. అధికారం ఏ వర్గం పేరున నడిచినా, రోగి అన్న ముద్ర దాని చేతిలో ఆయుధం కాగలదు.

అయితే మనోరోగమే మిథ్య అందామా? 1961లో థామస్ సాస్ అటువంటి వాదమే చేశాడు. అవి రోగాలు కావు, జీవిత సమస్యలన్నాడు. మన బోటి వాళ్ళకు ఈ మాట ముద్దొస్తుంది. నేను ఆ విద్యార్థికి చెప్పింది ఇంచుమించు ఇదే. ఇక్కడ ఒక తర్కదోషం ఉంది. రాళ్ళ క్వారీలో కూలీకి సిలికోసిస్ రావడానికి యజమాని లాభాపేక్ష కారణమే. అంతమాత్రాన అది ఊపిరితిత్తుల రోగం కాకుండా పోదు. కారణం సామాజికమైనంత మాత్రాన రోగం అబద్ధం కాదు.

మరి కొలబద్ద ఏది? బాధ ఒక్కటే చాలదు. బిడ్డ పోయిన తల్లికి బాధ ఉంది, రోగం లేదు. ఉన్మాదపు పొంగులో ఉన్నవాడు తనకు బాధే లేదంటాడు. నా దృష్టిలో రెండూ కలవాలి: నిద్ర, ఆలోచన, సంకల్పం వంటి శక్తులేవో ఆ మనిషిలో దెబ్బతినాలి, అందువల్ల అతనికి హాని కలగాలి. పారిపోయిన బానిసలో ఏ శక్తీ చెడలేదు, నష్టం యజమానిది. నా విద్యార్థికి నిద్రా చెడింది, బుద్ధీ చెడింది, నష్టపోయినదీ అతనే.

ఈ గీత ఎప్పుడూ స్పష్టంగా ఉండదు. ఏ శక్తి ‘చెడింది’ అని తేల్చడంలోనూ విలువలు కొంత ఉంటాయి. కనుకనే కాపలా అవసరం. మన దేశపు 2017 మానసిక ఆరోగ్య చట్టం కులం, మతం, ఆర్థిక స్థితి, రాజకీయ విశ్వాసాల కారణంగా ఎవరినీ మనోరోగిగా నిర్ణయించరాదని చెప్పింది. ఆ చట్టమే చికిత్స పొందడాన్ని హక్కు చేసింది. ఈ రెంటిలో ఒకదాన్నే పట్టుకుంటే మనం కార్ట్‌రైట్ వైపైనా జారతాం, నా పాత సలహా వైపైనా జారతాం.

ఇప్పుడు ఎవరైనా విద్యార్థి అలా వస్తే, నేను ముందు అడిగేది ఎన్నాళ్ళుగా నిద్ర లేదని. తర్వాత వైద్యుడి దగ్గరికి తోడు వెళతాను. సమాజాన్ని గురించి మాట్లాడుకోవడానికి ఆ తర్వాత కూడా సమయం ఉంటుంది.